శుక్రవారం ఖాళీ చేసే గది

ఈ ప్రయాణం గురించి ఎప్పుడో రాయాల్సింది. మా రజిత ఇంట్లో ఉండడం వల్ల రాయలేకపోయాను. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిశాక, మా మహిళా సంఘం వాళ్ళు సాయంత్రాలు పెట్టిన చదువులో. నేను ఒక్క వాక్యం పూర్తి చేసేలోపు రజిత భుజం మీదుగా తొంగిచూసి అంతా చదివేస్తుంది. రాయబోయే మాట కూడా అదే చెప్పేస్తుంది. దాని ముందు ఈ సంగతి ఎలా రాయను? ఇప్పుడు రజిత, అల్లుడు ఖమ్మంలో పనికి కుదిరి వెళ్ళారు. అందుకని కూర్చున్నాను.

మా సంఘంలో సముద్రం చూసిన ఆడవాళ్ళు లేరు. "ఎట్లుంటదే సముద్రం?" అని కనిపించినప్పుడల్లా అడుగుతారు. నోటితో సరిగా చెప్పలేకపోయాను. వాళ్ళకోసం చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఆ ఊరి పేరు మాత్రం రాయను. చిన్న ఊరు. పేరు రాస్తే ఆ ఇల్లు ఎవరిదో అక్కడివాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు.

సారపాక

మా ఊరు సారపాక నుంచి లోపలికి ఉంటుంది. మా ఆయన కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కర్ర లారీలకు ఎత్తుతాడు. నేను ఆ కర్రకు బెరడు ఒలుస్తాను. రజిత మాకు ఒక్కతే బిడ్డ. దాన్ని పెనుబల్లి పక్క పల్లెలో శ్రీనుకు ఇచ్చాం. శ్రీను అప్పట్లో సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో వంటపని చేసేవాడు. ఇద్దరూ ఆ ఊళ్ళోనే కిరాయికి ఉండేవాళ్ళు.

రజితకు మొదటి కాన్పు. ఏడో నెల దాటాక తీసుకొద్దామని గాజులు కూడా కొని పెట్టాను. అంతలో శ్రీను ఫోన్ చేశాడు. "అత్తమ్మా, మాయ కిందికి ఉందంట. ప్రయాణం వద్దన్నది డాక్టరమ్మ. మెట్లు ఎక్కొద్దంట, బరువు ఎత్తొద్దంట, పండుకోనే ఉండాలంట. రక్తం పోతే తల్లికీ బిడ్డకీ కష్టమంట" అన్నాడు.

మా ఆడబిడ్డ మూతి తిప్పింది. "మొదటి కాన్పు పుట్టింట్ల గాక కిరాయి ఇంట్ల చేస్తరా వదినా? ఏడన్న విన్నమా?"

"బిడ్డ రాలేకపోతే పుట్టిల్లే లేసి పోవాలె. ఏం జెయ్యమంటవ్?" అన్నాను.

కొత్త బియ్యం, ఎండబెట్టిన చింతచిగురు, ఇప్పపూలు, రాగిపిండి, పాత చీరలు మూట కట్టాను. మా ఆయన బస్సు దాకా వచ్చాడు. "పైలం. సముద్రం కాడికి పోకు, గుంజుకపోతదంట" అన్నాడు. ఆయనా సముద్రం చూడలేదు.

మారేడుమిల్లి

భద్రాచలం దాటి, చింతూరు దాటాక బస్సు ఘాట్ ఎక్కుతుంది. అడవి నాకు కొత్త కాదు, బస్సులో అడవి ఎక్కడం కొత్త. నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. రాజమండ్రిలో కంటి ఆపరేషన్‌కు పోతోంది. మొదటి మలుపు దగ్గరే ఇద్దరికీ కడుపులో తిప్పింది. నా దగ్గరున్న చింతచిగురు ఇద్దరం నోట్లో వేసుకుని చప్పరించాం. ఆమె మనవరాలి పెళ్ళి ఉందట, పెళ్ళికూతురి మొహం కనపడాలని కన్ను కోయించుకుంటోంది. నేనూ చెప్పాను, కూతురి కాన్పుకు పోతున్నానని. "మంచి పని మీద పోతున్నావు తల్లీ" అని నా చెయ్యి పట్టుకుంది.

మారేడుమిల్లిలో బస్సు ఆగింది. రోడ్డుకు రెండు వైపులా వెదురు బొంగుల్లో కోడిమాంసం కాలుస్తున్నారు. కార్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒక బొంగు ధర విని నేను రెండోసారి అడిగాను. మా రెండు రోజుల కూలి. మేం కర్రకు పోయినప్పుడు గిన్నె మరిచిపోతే బొంగులో వండుకునేవాళ్ళం. గిన్నె లేనివాళ్ళ వంటకు ఇంత ధర ఉంటుందని నాకు తెలియదు. ముసలామె, నేను చెరొక టీ తాగి బస్సెక్కాం.

సముద్రం

రాజమండ్రిలో రైలెక్కి, దిగి, మళ్ళీ ఆటో ఎక్కి ఆ ఊరు చేరేసరికి మర్నాడు ఎండ ఎక్కింది.

గోదావరి వరదప్పుడు అవతలి ఒడ్డు కనపడదు కదా, సముద్రం అలా ఉంటుందనుకున్నాను. అలా లేదు. గోదావరి ఎటు పోతుందో తెలుస్తుంది. ఇది ఎటూ పోదు. వస్తుంది, వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుంది. చూస్తూ ఉంటే మన పని మరిచిపోతాం. ఆ ఊరి దగ్గర నీళ్ళు కొడవలిలా లోపలికి వంగి ఉంటాయి. ఆ వంపు పొడవునా ఒక వైపు రిసార్టులు, ఒక వైపు పడవలు. గాలికే ఉప్పు ఉంటుంది. తాళాలు తుప్పు పడతాయి, అప్పడాలు మెత్తబడతాయి. తాగే నీళ్ళు క్యాన్లలో కొనుక్కోవాలి. చేపలు మాత్రం మా దగ్గర కన్నా చవక. హోటల్లో సాంబారు తియ్యగా ఉంది. బెల్లం వేస్తారట. మొదటిరోజు తినలేకపోయాను, తర్వాత అలవాటైంది.

గది బీచ్ రోడ్డు వెనక సందులో ఉంది. బయట నుంచి చూస్తే, నా బిడ్డ ఇంత మంచి ఇంట్లో ఉందా అనిపించింది. కింద పాలరాయి, గోడకు ఏసీ, లోపలే బాత్రూమ్. రజిత మంచం మీద పడుకుని నన్ను చూసి ఏడ్చింది, నవ్వింది. మొహం పాలిపోయి ఉంది.

గదిలో దేవుడి పటం లేదు. మేకుకు ఒక్క బట్ట వేలాడడం లేదు. సామాన్లన్నీ రెండు ప్లాస్టిక్ టబ్బుల్లో సర్ది ఉన్నాయి. ఏసీ వేయమన్నాను. "రిమోట్ ఓనరమ్మ కాడ ఉంటదమ్మా" అంది. బీరువా తీయబోతే తాళం. "అండ్ల తెల్ల దుప్పట్లు ఉంటయి. మనయి గావు" అంది. నేను మూట విప్పి బియ్యం డబ్బాలో పోయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"మూట ఇప్పకే. శుక్రారం మల్ల కట్టాలె."

అప్పుడు చెప్పింది. ఆ సందులో కిరాయి పద్ధతి అది. నెలకు గది ఇస్తారు. కానీ శుక్రవారం సాయంత్రం ఖాళీ చేయాలి, మళ్ళీ సోమవారం పొద్దున దిగాలి. శని ఆదివారాలు బీచ్‌కు వచ్చేవాళ్ళకు అదే గది రోజు లెక్కన ఇస్తారు. అందుకే నెల కిరాయి తక్కువ. ఆ రెండు రోజులు కిరాయివాళ్ళంతా మేడ మీద రేకుల షెడ్డులో ఉంటారు. పండుగ సెలవులు వస్తే ఇంకా ఎక్కువ రోజులు. పూర్తిగా ఇచ్చే గదులు ఉన్నాయి కానీ, వాటికైతే శ్రీను జీతమంతా కిరాయికే పోతుంది.

"మేడ మీదికా? నిన్ను మెట్లు ఎక్కొద్దన్నరు గద?" అన్నాను.

"పోయిన వారం మెల్లగ ఎక్కిన" అంది రజిత. గోడ వైపు తిరిగి పడుకుంది.

మేడ మెట్లు

ఓనరమ్మ పేరు సత్యవతిగారు. భర్త పోయాడు, కొడుకు చదువుతున్నాడు. మెత్తగా మాట్లాడుతుంది, నేను వెళ్ళినరోజు కాఫీ పంపింది. ఆమె ఇంటికి వెళ్ళి బతిమాలాను, ఈ ఒక్క నెలా బిడ్డను గదిలోనే ఉంచమని.

"మీరు ఏమీ అనుకోకండమ్మా. నాకు మాత్రం జాలి లేదా? ఆ శని ఆదివారాలే నాకు తిండి పెట్టేది. గదిలోకి దిగేముందే అన్నీ చెప్పి ఇచ్చాను" అంది. అబద్ధం కాదు, చెప్పే ఇచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం నుంచే సందంతా మూటలు కట్టడం మొదలైంది. అందరికీ అలవాటైన పని. ఎదురు గదిలో నూకరత్నం ఉంటుంది. చేపలమ్ముతుంది. పెద్ద గొంతు. వాళ్ళ సొంత ఇల్లు సముద్రం కోతకు పోతే కిరాయికి వచ్చారు. "ఏటప్పా, కొత్తగా వచ్చినావా? సుక్కరారం వచ్చీసరికి మనకందరికీ పెద్ద బంగ్లా ఇత్తారు, గోడలుండవంతే" అని నన్ను నవ్వించింది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. మా వైపు రోడ్డు లేని గూడేల నుంచి కాన్పు మనిషిని డోలీలో తెస్తారు. బొంగుకు చీర కట్టి, మనిషిని పడుకోబెట్టి ముందొకరు, వెనకొకరు మోస్తారు. నేను చాలాసార్లు భుజం పెట్టాను. వాగులు దాటించాం, రాళ్ళు దాటించాం, ఎవరికీ కుదుపు తగలనివ్వలేదు. ఇక్కడ మెట్లెంత? షామియానా షాపులో ఒక బొంగు అడిగి తెచ్చాను. నా నేత చీర గట్టిది. ముడి నేనే వేశాను.

ముందు శ్రీను, వెనక నేను. రజిత కళ్ళు మూసుకుంది. మొదటి వరస బాగానే ఎక్కాం. మలుపు దగ్గర బొంగు గోడకు కొట్టుకుంది. ఎటు తిప్పినా తిరగదు. అడవి బాటలో బొంగు ఎంత పొడవున్నా తిరగడానికి చోటు ఉంటుంది. ఇంటి మెట్లకు ఉండదని నాకు తట్టలేదు. వెనక్కి దిగుదామంటే కింద అప్పటికే పెట్టెలతో మనుషులు నిలబడ్డారు, గదులకు వచ్చినవాళ్ళు. వాళ్ళలో కుర్రవాళ్ళు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. ఒకడు ఏదో అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు.

"ఓరి, మీ అమ్మని మోసినప్పుడు తీసుకోండ్రా ఫొటోలు!" అని నూకరత్నం పైనుంచి అరిచింది.

"దించమ్మా. నేనే ఎక్కుత" అంది రజిత. నా మెడ మీద చెయ్యి వేసి మిగిలిన మెట్లన్నీ నడిచే ఎక్కింది.

ఆ రెండు రోజులు షెడ్డులో దాన్ని కదలనివ్వలేదు. మంచి కూరలు వండుకున్నాం. నూకరత్నం వంజరం చేప ముక్కలు తెచ్చింది. పైనుంచి సముద్రం మొత్తం కనపడుతుంది. కింద ఆ నీళ్ళకోసమే అంత డబ్బిచ్చి వచ్చినవాళ్ళకు గది కిటికీలోంచి పక్కింటి గోడ కనపడుతుంది. ఈ మాట చెబితే రజిత చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. బిడ్డ కూడా కదులుతోందని నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టింది.

ఎన్నో నెల?

సోమవారం కిందికి దిగాం. మధ్యాహ్నం సత్యవతిగారు వచ్చింది. కాఫీ లేదు. ఫోన్ చూపించింది. డోలీలో రజిత, మలుపులో ఇరుక్కుపోయిన నేను, వెనక గోడ మీద రాసిన ఆమె మేడ పేరు. ఎవరో ఊరంతా పంపారు. ఆ వీడియో కింద ఏవేవో రాశారట.

"నన్ను రాక్షసిని చేశారమ్మా. ఇద్దరు బుకింగ్ వద్దన్నారు. ఈ నెలాఖరుకు వేరే చూసుకోండి" అంది.

ఆ వారమంతా నేను గదికోసం తిరిగాను. ఆ ఊళ్ళో 'గది అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు ప్రతి సందులో ఉంటుంది. ఇప్పుడు చదవగలను కాబట్టి ఎవర్నీ అడక్కుండా తలుపు తట్టేదాన్ని. మొదట ఎంతమంది అంటారు. తర్వాత చేపలు వండుతారా అంటారు. కూతురికి కాన్పు దగ్గర పడింది అనగానే, "ఎన్నో నెల?" అంటారు. చెప్పగానే మాట మారిపోతుంది. "మా ఇంట్లో పురుడు పనికిరాదమ్మా, అయ్యాక రండి" అని ఒకామె. "పురుడు దవాఖానలనే అయితది అమ్మా, ఇంట్ల గాదు" అంటే, "ఆ పదకొండు రోజుల మైల ఇంట్లోనే కదా" అంది. ఒకాయన మంచినీళ్ళిచ్చి, గది చూపించి, నెల అడిగి, గ్లాసు తీసుకుని తలుపు వేశాడు.

మా వైపు కూడా పురిటి మైల ఉంటుంది. కానీ కాన్పు మనిషి చెట్టు కింద నిలబడితే ఎవరో ఒకరు పశువుల కొట్టమైనా ఊడ్చి ఇస్తారు. ఈ తేడా సంఘంలో చెబితే ఎవరూ నమ్మలేదు.

మెట్ల కింద

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఈసారి సత్యవతిగారే ఒక దారి చెప్పింది. మెట్ల కింద ఆమె దుప్పట్లు, బకెట్లు పెట్టుకునే చిన్న కొట్టు ఉంది. "అమ్మాయిని అందులో పడుకోబెట్టండి. ఎక్కే బాధ ఉండదు. తలుపు మాత్రం దగ్గరకు వేసి ఉంచండి, వచ్చేవాళ్ళ కంట పడకుండా" అంది. ఆమె లెక్కలో అది సాయమే. నాకూ అలాగే అనిపించింది, దండం పెట్టాను.

కొట్టులో రజిత కాళ్ళు చాపితే గోడకు తగిలేవి. సబ్బుపొడి వాసన. పైన ఎవరు మెట్లెక్కినా తల మీద నడిచినట్టే ఉండేది. మా గదిలో హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబం దిగింది. పాటలు పెట్టుకున్నారు.

శనివారం ఎండ ఎక్కాక రజిత, "అమ్మా, తడిగ ఉంది" అంది. చీర తీసి చూశాను. రక్తం. నొప్పి లేదు, ఏడుపు లేదు, నీళ్ళు కారినట్టు కారుతోంది. శ్రీను డ్యూటీలో ఉన్నాడు. నూకరత్నం ఆటోకోసం పరుగెత్తింది. బీచ్ రోడ్డు నిండా కార్లు, ఆటో సందులోకి రాలేదు. నేను మా గది తలుపే తట్టాను.

తడిజుట్టుతో ఒకామె తీసింది. రజిత వయసే ఉంటుంది.

"అమ్మా, మీకు కారుంది గద? నా బిడ్డకు రక్తం పోతాంది."

"ఎక్కడ? మీరు ఇక్కడ పనిచేస్తారా ఆంటీ?"

"లేదమ్మా, గిదే గదిల ఉంటం. మీరున్నదే మా గది."

ఆమెకు అర్థం కాలేదు. నా వెనకే వచ్చి కొట్టు తలుపు తీసి చూసింది. అప్పుడు అర్థమైంది. మొగుడిని పేరు పెట్టి పిలిచి, "కారు తియ్యి, జల్దీ!" అని అరిచింది. మంచం మీదున్న తెల్ల దుప్పటి లాగి రజిత చుట్టూ చుట్టింది. దారంతా రజిత తల తన ఒళ్ళోనే పెట్టుకుంది. "మాకు తెలియదు ఆంటీ, నిజంగా తెలియదు" అని అంటూనే ఉంది. వాళ్ళ సీటంతా రక్తం. ఆమె పేరు నేను అడగలేదు. అడగాల్సింది.

దవాఖానా

పెద్ద దవాఖానాలో కడుపు కోసి తీశారు. నెలలు నిండని ఆడపిల్ల. ఒకసారి ఏడ్చింది, తలుపు అవతలి నుంచి నేను విన్నాను. పొద్దు గుంకకముందే పోయింది.

రజిత బతికింది. రక్తం ఎక్కించారు. శ్రీను వంటింటి బట్టలతోనే వచ్చాడు, వాటి నిండా మసాలా వాసన. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

మెట్లెక్కడం వల్లేనా అని డాక్టరమ్మను అడిగాను. "అలా చెప్పలేమమ్మా. పడుకుని ఉన్నా కొందరికి ఇలా అవుతుంది" అంది. ఆ మాట నాకోసం చెప్పిందో, నిజమో తెలియదు.

బిడ్డను మాకు ఇచ్చారు. ఎక్కడికి తీసుకుపోవాలి? మా ఊరు ఒకటిన్నర రోజు ప్రయాణం. సత్యవతిగారికి ఫోన్ చేయాలని కూడా మాకు అనిపించలేదు. పోయిన బిడ్డను ఏ కిరాయి ఇంటి గుమ్మంలోకీ రానివ్వరు.

మా వెనకే ఆటోలో వచ్చిన నూకరత్నం నా పక్కన కూలబడింది. "మా గుంటలు ఇద్దరు పోనారప్పా, పుట్టీగానే. మా వోళ్ళ సరుగుడు తోటలో పెట్టాం. ఈ గుంటనీ అక్కడే పెడదాం. కులపెద్దతో మా ఆయన మాటాడతాడు. నువ్వు ఏడవకు, బేగి పని కానిద్దాం" అంది. తనే ఏడుస్తోంది.

మర్నాడు పొద్దున

సరుగుడు తోట ఊరి చివర, పడవలకు అవతల ఉంది. శ్రీను బిడ్డను ఎత్తుకున్నాడు. నూకరత్నం మొగుడు పార తెచ్చాడు. తవ్వడం నేను అడిగి తీసుకున్నాను.

మా నేల ఎర్ర నేల, ఎంత తీస్తే అంత గుంత నిలబడుతుంది. ఇసుకలో నిలబడదు. తీసేకొద్దీ పక్కల నుంచి జారి పూడుతుంది. పార పక్కన పెట్టి చేతులతో తోడాను. తడి ఇసుక తగిలే దాకా తోడితే అప్పుడు గోడ నిలిచింది. బిడ్డను పడుకోబెట్టాం. నూకరత్నం ఇంత పసుపు చల్లి, ఇన్ని పాలు పోసింది. కుక్కలు తవ్వకుండా పైన సరుగుడు కొమ్మలు పరిచాం. తోట చివర ఎవరో కొత్తగా సిమెంటు స్తంభాలు పాతుతున్నారు. అవేంటని అడిగాను. "రిసార్టోళ్ళు. కంచె ఏత్తారంట, ఎంతదాకా ఏత్తారో" అన్నాడు నూకరత్నం మొగుడు.

నేను స్నానం చేసి, నూకరత్నం పొయ్యి మీదే గంజి కాచి దవాఖానాకు తీసుకెళ్ళాను. రజిత మెలకువగా ఉంది.

"ఏడ పెట్టిన్రమ్మా?"

"సరుగుడు తోటల. నూకరత్నం వాళ్ళ జాగల."

"వాళ్ళ సొంత జాగనేనా?"

"అవ్ బిడ్డా."

"మల్ల ఖాళీ చేయమనరు గద?"

"అనరు" అన్నాను.

తల కింద చెయ్యి పెట్టి కొంచెం లేపి గంజి తాగించాను. సగం తాగి, చాలంది.